50 కేఈవీ ప్రోటాన్ లైనులో మూడు పరికరాలు మూడు వెడల్పులు చూపిస్తే దేన్ని నమ్మాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు చెప్పుకుంటాను. మీది 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కేఈవీ) శక్తి, 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు, 500 మైక్రో సెకన్ల పల్సు గల ప్రోటాన్ బీమ్. సోర్సు నుంచి ఫారడే కప్పు (బీమ్‌ను ఆపి దాని కరెంటును కొలిచే పాత్ర) దాకా లైను పొడవు దాదాపు 2 మీటర్లు, మధ్యలో బీమ్‌ను కేంద్రీకరించే ఒక సోలినాయిడ్ అయస్కాంతం. పీడనం కొలిచే గేజీ 2×10⁻⁵ మిల్లీబార్ చూపిస్తోంది, అందులో అధిక భాగం సోర్సు నుంచి కారే హైడ్రోజన్. బీమ్ వల్ల వాయువులో పుట్టిన అయాన్లను రెండు పలకల మధ్య వోల్టేజితో లాగి బీమ్ ప్రొఫైల్ (అడ్డంగా బీమ్ ఎలా పరుచుకుందో చూపే గీత) గీసే అయనీకరణ ప్రొఫైల్ మానిటర్ (ఐపీఎం), దాని తర్వాత బీమ్‌లో సన్నని తీగను జరుపుతూ కొలిచే వైర్ స్కానర్, పక్క కిటికీ నుంచి వాయువు వెలుగును చూసే కెమెరా, ఈ మూడూ బీమ్‌కు మూడు వెడల్పులు చెబుతున్నాయి. సోర్సు దగ్గర బీమ్‌ను తాకకుండానే కరెంటు కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కంటే చివరి కప్పు 8 శాతం తక్కువ చూపిస్తోంది. దేన్ని నమ్మాలి, తప్పంతా వాయువుదేనా అన్నది మీ సందేహం.

జవాబు ఇది: కెమెరాను నమ్మండి, వైరును దాని బయాస్ (వైరుకు ఇచ్చే వోల్టేజి) సరిచూసుకున్నాక నమ్మండి, ఐపీఎంను ఈ శక్తి దగ్గర వాడటం మానేయండి. వైరు చూపే వెడల్పులో కొంత భాగం ఐపీఎం చలవే అయి ఉండాలి. 8 శాతం తేడాలో రెండు మూడు శాతాన్ని వాయువు ఖాతాలో వేయవచ్చు. మిగిలినదానికి వాయువును నిందించే ముందు, సోర్సు నుంచి ప్రోటాన్లతో పాటు ఇంకేం బయటికి వస్తున్నాయో చూడాలి.

ఇక కారణాలు. వాయువు మాట వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: వాయువు బీమ్‌నే మార్చిందా, లేక బీమ్ గురించి పరికరం చెప్పే లెక్కను మార్చిందా? తక్కువ శక్తి లైన్లలో తరచుగా బీమే నిజంగా మారి ఉంటుంది, పరికరం ఉన్నది ఉన్నట్టే చెబుతూ ఉంటుంది, అయినా అనుమానం పరికరం మీదికే పోతుంది. ఈ రెండు జబ్బులకూ మందులు వేరు కాబట్టి, ఏది ఏదో తేల్చుకోకుండా ఎలక్ట్రానిక్స్ విప్పి కూర్చోవడం వల్ల ఉపయోగం లేదు.

మొదట గేజీ సంగతి, ఎందుకంటే తర్వాతి అంకెలన్నీ దాని మీదే ఆధారపడతాయి. మనం వాడే అయనీకరణ గేజీలు నైట్రోజన్‌కు కాలిబ్రేట్ చేసి వస్తాయి. హైడ్రోజన్‌కు వాటి స్పందన దాదాపు 0.4 రెట్లే కాబట్టి మీ గేజీ 2×10⁻⁵ అన్నప్పుడు లైనులో ఉన్న అసలు హైడ్రోజన్ పీడనం సుమారు 5×10⁻⁵ మిల్లీబార్. గది ఉష్ణోగ్రత వద్ద అది ఘన సెంటీమీటరుకు 1.2×10¹² అణువులు. ఈ ఒక్క సవరణ మరిచిపోతే ఆవేశ మార్పిడి (ప్రోటాన్ వాయువు నుంచి ఎలక్ట్రానును లాక్కొని తటస్థమవడం) వల్ల వచ్చే నష్టం రెండున్నర రెట్లు తక్కువగా కనిపిస్తుంది, ఆ పైన లెక్క కుదరక లేనిపోని సిద్ధాంతాలు పుట్టుకొస్తాయి.

50 కేఈవీ ప్రోటాన్ హైడ్రోజన్ అణువు పక్కగా పోతూ దాని ఎలక్ట్రానును లాక్కొనే ప్రక్రియకు క్రాస్ సెక్షన్ (అది జరిగే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే అంకె) 10⁻¹⁶ చదరపు సెంటీమీటర్ల స్థాయిలో ఉంటుంది. దీన్ని పై సాంద్రతతోనూ 200 సెంటీమీటర్ల పొడవుతోనూ గుణిస్తే 2 శాతం పైచిలుకు వస్తుంది. అంటే సోర్సు దగ్గర ప్రోటాన్లుగా బయలుదేరిన వాటిలో అంత వాటా చివరికి తటస్థ హైడ్రోజన్ పరమాణువులుగా మారుతుంది. వాటి వేగం, దిశ మారవు, ఆవేశం మాత్రం పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు అవి కనిపించవు. సోలినాయిడ్ వాటిని ముట్టుకోదు. అయితే వైరుకు తగిలితే మాత్రం ప్రోటాన్ల లాగానే ద్వితీయ ఎలక్ట్రాన్లను రాల్చి సంకేతం ఇస్తాయి. కనుక సోలినాయిడ్‌కు ముందు తటస్థమైనవి కేంద్రీకరణకు లొంగకుండా వెడల్పుగా పరుచుకొని, వైరు ప్రొఫైల్ అడుగున ఒక పలచని దిమ్మెలా కనిపిస్తాయి. దాన్ని బీమ్ హాలో (బీమ్ చుట్టూ ఉండే పలచని అంచు) అనుకొని సోలినాయిడ్ కరెంటు ఎంత మార్చినా కదలదు, కదలకపోవడమే దాని గుర్తు. మీ లైనులో ఎక్కడైనా వంపు అయస్కాంతం, దానికి ఎదురుగా సూటి పోర్టు ఉంటే అక్కడ ఒక సింటిలేటర్ పలక పెట్టి చూడండి. అయస్కాంతం వేసినా వంగకుండా నేరుగా వచ్చి పడే ఆ మచ్చ ఈ తటస్థ పరమాణువులదే. నేను పనిచేసిన ఒక లైనులో పీడనం పెంచుతూ పోతే ఆ మచ్చ వెలుగు అదే నిష్పత్తిలో పెరగడం చూశాక, ఆవేశ మార్పిడి గురించి ఎవరితోనూ వాదించాల్సిన అవసరం రాలేదు.

మిగిలిన అయిదారు శాతం గురించి. మీ సోర్సు మైక్రోవేవ్ రకం అన్నారు. అలాంటి సోర్సుల నుంచి వచ్చే కరెంటులో ప్రోటాన్ల వాటా సాధారణంగా 80 నుంచి 90 శాతం ఉంటుంది, మిగతావి రెండు, మూడు పరమాణువుల హైడ్రోజన్ అయాన్లు. శక్తి ఒకటే అయినా అవి బరువైనవి కాబట్టి సోలినాయిడ్ వాటిని ప్రోటాన్లంత గట్టిగా వంచలేదు, చాలావరకు గోడలకు తగిలి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వాటినీ కలిపి లెక్కించింది, కప్పు దాకా అవి రాలేదు. 8 శాతానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకాల్సిన పని లేదనే నా అభిప్రాయం. ఈ అయాన్ల వాటా తేల్చడానికి వాయువే సాయం చేస్తుంది. బీమ్‌కు 45 డిగ్రీల కోణంలో చూసే కిటికీకి ఒక చిన్న స్పెక్ట్రోమీటర్ తగిలిస్తే, హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల ఎర్ర గీత పక్కనే డాప్లర్ విచలనంతో మరో మూడు గీతలు కనిపిస్తాయి. పూర్తి శక్తితో పోయే పరమాణువులది దాదాపు 4.8 నానోమీటర్ల దూరంలో ఉంటుంది. రెండు పరమాణువుల అయాను విరిగితే వచ్చే సగం శక్తి పరమాణువులది 3.4 దగ్గర, మూడో వంతు శక్తివి 2.8 దగ్గర ఉంటాయి. గీతల తీవ్రతలను వాటి వాటి క్రాస్ సెక్షన్లతో సరిచేస్తే సోర్సు నుంచి ఏది ఎంత వస్తోందో తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం: స్పేస్ చార్జి పరిహారం, అంటే బీమ్ సొంత ఆవేశపు వికర్షణను వ్యతిరేక ఆవేశం తగ్గించడం. మీ మూడు వెడల్పుల గొడవకు మూలం ఇక్కడే ఉంది. బీమ్ వాయువును అయనీకరిస్తుంది. పుట్టిన నిదానపు ధన అయాన్లను బీమ్ ఆవేశం గోడల వైపు తోసేస్తుంది, ఎలక్ట్రాన్లను మాత్రం తనలోనే బంధించుకుంటుంది. అవి పోగవుతున్న కొద్దీ బీమ్ సొంత వికర్షణ తగ్గుతుంది. పరిహారం లేనప్పుడు మీ బీమ్ నడిమికీ అంచుకూ మధ్య పొటెన్షియల్ తేడా సుమారు 58 వోల్టులు. వ్యాసార్ధం 5 మిల్లీమీటర్లనుకుంటే అంచు దగ్గర క్షేత్రం మీటరుకు దాదాపు 23 కిలోవోల్టులు. పరిహారం బాగా కుదిరితే ఇందులో చిన్న భాగమే మిగులుతుంది. ఈ రెండు స్థితుల్లో ఉన్న బీమ్‌లు ఒకే సోలినాయిడ్ గుండా పోయినా ఒకే చోట కలవవు.

పరిహారం కుదరడానికి పట్టే కాలం వాయు సాంద్రత, అయనీకరణ క్రాస్ సెక్షన్, బీమ్ వేగం, ఈ మూడింటి లబ్ధానికి విలోమం. అయనీకరణకు 2×10⁻¹⁶ చదరపు సెంటీమీటర్లు, వేగానికి సెకనుకు 3.1×10⁸ సెంటీమీటర్లు వేసుకుంటే మీ పీడనం దగ్గర అది సుమారు 13 మైక్రో సెకన్లు. స్థిరపడటానికి దానికి మూడు నాలుగు రెట్లు పడుతుంది కాబట్టి పల్సు మొదటి 50 మైక్రో సెకన్ల బీమ్ ఒకటి, ఆ తర్వాతి 450 మైక్రో సెకన్ల బీమ్ మరొకటి. పల్సు మొత్తాన్ని కలిపి కొలిచే వైరు ఈ రెండింటినీ ఒకే బొమ్మలో గుది గుచ్చుతుంది. అందుకే నేను ఏ తక్కువ శక్తి లైనులోనైనా కాలాన్ని ముక్కలుగా కోయకుండా తీసిన ప్రొఫైల్‌ను లెక్కలోకి తీసుకోను.

ఇక్కడే ఒక వింత ఎదురవుతుంది. ఒక లైనులో అదనంగా ఒక టర్బో పంపు బిగించి పీడనాన్ని బాగా తగ్గించారు. శూన్యం మెరుగుపడింది, ఎమిటెన్స్ (బీమ్ వెడల్పునూ కోణాల చెదురునూ కలిపి చెప్పే కొలత, తక్కువైతే మంచిది) మాత్రం పెరిగింది. అక్కడి వారు ముందు స్కానర్ స్లిట్లు దెబ్బతిన్నాయేమోనని అనుమానించారు. పల్సును ముక్కలు చేసి చూస్తే, పంపు లేనప్పుడు పల్సు మొదట్లోనే స్థిరపడుతున్న ఎమిటెన్స్, పంపు బిగించాక పల్సు సగం గడిచాక గానీ స్థిరపడటం లేదు. వాయువు తగ్గింది కాబట్టి పరిహారం నెమ్మదించింది, స్కానర్ తప్పేమీ లేదు. ఈ కారణంతోనే కొన్ని లైన్లలో క్రిప్టాన్, ఆర్గాన్ వంటి బరువైన వాయువును కావాలనే కొద్దిగా వదులుతారు. ఆవేశ మార్పిడి వల్ల కాస్త కరెంటు పోయినా బీమ్ నాణ్యత దక్కితే చాలన్న బేరం అది.

ఇక ఐపీఎం. మీ పలకల మధ్య 10 సెంటీమీటర్లకు 500 వోల్టులు, అంటే మీటరుకు 5 కిలోవోల్టులు. ఆ క్షేత్రం బీమ్ వెంట 10 సెంటీమీటర్ల మేర ఉంటే 50 కేఈవీ ప్రోటాన్‌ను 5 మిల్లీ రేడియన్లు పక్కకు తిప్పుతుంది, ఒక మీటరు దూరం పోయేసరికి 5 మిల్లీమీటర్లు. బీమ్ వ్యాసార్ధమంత జరుపుడు! దీన్ని సరిచేసే ఎదురు పలకలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. జరగడమైనా ఫర్వాలేదు, సరిచేసుకోవచ్చు. అంతకంటే చెడ్డ పని, ఆ పలకలు పరిహార ఎలక్ట్రాన్లను లాగేయడం. పూర్తిగా లాగేయడానికీ ఆ క్షేత్రం చాలదు, ఎందుకంటే పరిహారం పోయిన కొద్దీ బీమ్ సొంత క్షేత్రం మీటరుకు 23 కిలోవోల్టుల వైపు ఎక్కుతూ ఎలక్ట్రాన్లను మళ్ళీ పట్టుకుంటుంది. చివరికి అటూ ఇటూ కాని స్థితి ఒకటి ఏర్పడి, అక్కడి నుంచి బీమ్ ఉబ్బడం మొదలవుతుంది. డిటెక్టరుకు చేరే అయాన్లు కూడా దారిలో ఆ బలమైన సొంత క్షేత్రపు తోపు తిన్నవే కాబట్టి ఐపీఎం ప్రొఫైల్ అసలు కంటే వెడల్పుగా రావడంలో ఆశ్చర్యం లేదు. ఒక్క పరీక్ష చేయండి: ఐపీఎం వోల్టేజిని సున్నా చేసి, మరేదీ ముట్టుకోకుండా వైరుతో మళ్ళీ కొలవండి. వైరు వెడల్పు తగ్గితే మీ గొడవలో సగం అక్కడికక్కడే తీరిపోతుంది.

వైరు విషయంలో చూడాల్సింది ప్రొఫైల్ ఆకారాన్ని. శిఖరానికి రెండు పక్కలా గీత సున్నా కిందికి దిగి మళ్ళీ పైకి వస్తోందా? వస్తే ఆ గుంటలు పరిహార ఎలక్ట్రాన్లు వైరు మీద పడటం వల్ల వచ్చినవి. ప్రోటాన్ వైరుకు ధన ఆవేశం ఇస్తుంది, ద్వితీయ ఎలక్ట్రాన్లు వైరును వీడితే అదీ ధన సంకేతమే. అంచుల దగ్గర ప్రోటాన్లు పలచబడి వాయువు నుంచి పుట్టిన ఎలక్ట్రాన్లదే పైచేయి కావడంతో సంకేతం రుణమవుతుంది. ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్ ఆ గుంటలను బేస్‌లైన్ అనుకొని కిందికి జరిపితే వెడల్పు తప్పుగా వస్తుంది. వైరుకు 50 నుంచి 100 వోల్టుల దాకా రుణ బయాస్ ఇస్తూ గుంటలు మాయమయ్యే చోట ఆగండి. ధన బయాస్ మాత్రం ఇవ్వకండి. అప్పుడు వైరే ఎలక్ట్రాన్లను పీల్చేసి తాను కొలవాల్సిన బీమ్‌ను తానే చెదరగొడుతుంది.

కెమెరాను నమ్మమన్నది, అది బీమ్‌కు ఏ క్షేత్రమూ తగిలించదు కాబట్టి. వాయువుతో ముడిపడిన లోపాలు దానికీ ఉన్నాయి, కానీ మీ లైనులో చిన్నవి. నైట్రోజన్ వదిలి 391 నానోమీటర్ల నీలి ఊదా గీతను చూస్తున్నారనుకుందాం. ఆ వెలుగు ఇచ్చే నైట్రోజన్ అయాను దాదాపు 60 నానో సెకన్లు బతుకుతుంది. పరిహారం అసలే లేదనుకున్నా ఆ వ్యవధిలో మీ బీమ్ క్షేత్రం దాన్ని 0.14 మిల్లీమీటర్లు మాత్రమే జరుపుతుంది. 5 మిల్లీమీటర్ల బీమ్‌కు అదొక లెక్క కాదు. జాగ్రత్త పడాల్సినవి ఎదురు గోడ మీద ప్రతిఫలనం, విడిపోయిన ఎలక్ట్రాన్లు బీమ్ బయట వాయువును వెలిగించడం. మొదటిదానికి గోడను నల్లబరచాలి. రెండోది ఉందో లేదో తెలియాలంటే వెలుగు మొత్తాన్ని కరెంటుతోనూ పీడనంతోనూ భాగించి చూడండి. పీడనం మారుతున్నా ఆ భాగఫలం మారకపోతే వెలుగు నేరుగా బీమ్ ఇచ్చినదే, పీడనంతో పాటు అది కూడా పెరుగుతుంటే ఎలక్ట్రాన్లు చెయ్యి కలిపాయని అర్థం. కెమెరా గేటును (వెలుగును నమోదు చేసే వ్యవధిని) తప్పకుండా పల్సు 100 మైక్రో సెకన్లు దాటాకే తెరవండి.

కప్పు గురించి క్లుప్తంగా. ఎలక్ట్రాన్లు బయటికి పోకుండా కప్పు మూతి దగ్గర పెట్టే సప్రెసర్ రింగు వోల్టేజిని సున్నా నుంచి రుణం వైపు పెంచుతూ పోతే కప్పు కరెంటు మొదట తగ్గి, తర్వాత బల్లపరుపుగా నిలవాలి. అలా నిలవకుండా వోల్టేజితో పాటు జారుతూనే ఉంటే కప్పు మూతి దగ్గర వాయువు అయనీకరణ చెందుతోందని, అయాన్లు రింగుకూ ఎలక్ట్రాన్లు కప్పుకూ పోతున్నాయని అనుమానించాలి. రింగుకు పోయే కరెంటును విడిగా కొలిచే ఏర్పాటు చాలామంది చేసుకోరు. చేసుకుంటే, అది పీడనంతో పెరుగుతోందా లేదా అన్నది కళ్ళెదుటే తెలుస్తుంది. బీమ్ కప్పు అడుగున పడగానే అక్కడి నుంచి వాయువు ఊరుతుంది కాబట్టి కప్పు లోపలి పీడనం లైను గేజీ చెప్పేదానికంటే ఎక్కువే ఉంటుంది.

పీడనం మార్చి చూసే పరీక్ష గురించి ఒక హెచ్చరిక. నీడిల్ వాల్వుతో నాలుగైదు మెట్లలో హైడ్రోజన్ వదిలి, ప్రతి మెట్టు దగ్గరా అన్నీ కొలిచి, గీతను సున్నా పీడనం దాకా పొడిగించి, వాయువు లేకపోతే బీమ్ ఇలా ఉండేదని చెప్పడం అందరికీ అలవాటు. కరెంటు నష్టానికి ఆ పద్ధతి సరిపోతుంది, ఆవేశ మార్పిడి పీడనానికి అనులోమంగా ఉంటుంది కనుక. వెడల్పుకు మాత్రం ఆ పొడిగింపు చెల్లదు. పరిహారం ఒక స్థాయికి చేరి ఆగిపోతుంది, పీడనం దాన్ని చేరే వేగాన్నే ఎక్కువగా మారుస్తుంది. మీ కొలతలన్నీ పరిహారం కుదిరిన బీమ్‌వైతే, వాటిని కలిపే గీతను సున్నా దాకా లాగినా పరిహారం లేని బీమ్ వెడల్పు రాదు. అది కావాలంటే పల్సు మొదటి కొన్ని మైక్రో సెకన్లను చూడాలి.

తర్వాతి దశలో ఆర్‌ఎఫ్‌క్యూ (రేడియో తరంగాలతో బీమ్ శక్తిని పెంచే యంత్రం) పెట్టి 3 ఎంఈవీకి, అంటే 30 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు పోతామన్నారు. అక్కడ ఈ బొమ్మ చాలావరకు తిరగబడుతుంది. ఎలక్ట్రాన్ లాక్కొనే క్రాస్ సెక్షన్ ఎన్నో మెట్లు పడిపోతుంది, తటస్థాల బాధ ఉండదు. ఐపీఎంకు మీటరుకు 50 కిలోవోల్టులు ఇచ్చినా అదే 10 సెంటీమీటర్ల మీద బీమ్ వంగేది 0.8 మిల్లీ రేడియన్లే. కనుక ఇప్పుడు తీసి పక్కన పెట్టమన్న ఐపీఎంను పారేయకండి, అక్కడ అది పనికొస్తుంది. అయాన్లను సేకరిస్తే, గది ఉష్ణోగ్రత వద్ద వాటికున్న సొంత కదలిక వల్ల 5 సెంటీమీటర్ల ప్రయాణంలో వచ్చే మసక సుమారు 0.23 మిల్లీమీటర్లు. ఇది వాయువు ఏదైనా మారదు: బరువైన అయాను నిదానంగా కదులుతుంది, కానీ అంతే నిష్పత్తిలో ఆలస్యంగా చేరుతుంది. మసక తగ్గాలంటే వోల్టేజి పెంచాలి గానీ వాయువు మార్చి లాభం లేదు. బీమ్ సొంత క్షేత్రం మరీ ఎక్కువైన యంత్రాల్లో ఎలక్ట్రాన్లను సేకరిస్తూ వాటిని అయస్కాంత క్షేత్రంతో దారిలో పెడతారు. 10 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ 0.1 టెస్లా క్షేత్రంలో తిరిగే వృత్త వ్యాసార్ధం 0.1 మిల్లీమీటరు కాబట్టి చిత్రం చెదరదు. సెర్న్‌లోని ప్రోటాన్ సింక్రోట్రాన్‌లో ఇదే పద్ధతిలో శూన్యం లోపలే పిక్సెల్ డిటెక్టర్లు పెట్టి ఎలక్ట్రాన్లను నమోదు చేస్తున్నారు. ఎల్‌హెచ్‌సీలోనైతే పలచని వాయు తెరను బీమ్‌కు అడ్డంగా పంపి, నియాన్ పరమాణువు 585 నానోమీటర్ల వెలుగును చూస్తారు. వెలిగేది తటస్థ పరమాణువు కాబట్టి బీమ్ క్షేత్రం దాన్ని తోయలేదు, అక్కడ నియాన్‌ను ఎంచుకోవడంలో ఉన్న ఒక మంచి కారణం అది.

మీరు చేయాల్సిన పనుల వరుస నా దృష్టిలో ఇలా ఉండాలి: ఐపీఎం ఆపి వైరుతో కొలత, తర్వాత వైరు బయాస్, ఆపైన కెమెరా గేటు, చివరికి స్పెక్ట్రోమీటరు. ఇవన్నీ అయ్యాక కూడా కెమెరాకూ వైరుకూ పది శాతం కంటే ఎక్కువ తేడా మిగిలితే, ఒకే పల్సు మీద 10 మైక్రో సెకన్ల ముక్కలుగా తీసిన వైరు సంకేతాన్నీ, సోలినాయిడ్ కరెంటునూ, గేజీ లైనులో సరిగ్గా ఎక్కడ ఉందో ఆ వివరాన్నీ ఇక్కడ పెట్టండి. గేజీ సోర్సు పంపు మూతి దగ్గర ఉంటే పైన నేను వేసిన పీడనం లెక్కను మళ్ళీ వేయాల్సి వస్తుంది.